డీజిల్ నాణ్యత: బంకు నుంచి నాజిల్ దాకా పరీక్షించుకునే పద్ధతి

మైలేజీ తగ్గిందంటే ముందు నింద డీజిల్ మీదే పడుతుంది. ‘ఆ బంకులో కిరోసిన్ కలుపుతున్నారు’ అని తేల్చేస్తారు. లెక్క వేస్తే ఆ మాట నిలవదు. లీటరు డీజిల్‌లో సుమారు 35.5 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. లీటరు కిరోసిన్‌లో 34.3 దాకా ఉంటుంది. తేడా మూడు శాతం. అంటే డీజిల్‌లో ఐదో వంతు కిరోసిన్ పోసినా తగ్గే శక్తి ఒక్క శాతం కూడా ఉండదు. లీటరుకు 5 కిలోమీటర్లు వచ్చే లారీ 4కి దిగిందంటే అది ఒక్క కిరోసిన్ చేసే పని కాదు. కొలత తక్కువ పడుతుండాలి, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, బ్రేకులు పట్టేస్తుండాలి, లేదా ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు కారుతుండాలి.

అలాగని కల్తీ వల్ల నష్టం లేదనుకోవద్దు. ఆ నష్టం మైలేజీలో కాకుండా నాజిళ్లకు డీజిల్ తోసే ఇంజన్ పంపులో, నాజిల్లో, సైలెన్సర్లోని మసి ఫిల్టర్లో బయటపడుతుంది, అదీ కొన్ని నెలలు గడిచాక. అప్పటికి ఏ బంకులో ఏ రోజు పోయించిన డీజిల్ దెబ్బ తీసిందో చెప్పడానికి ఆధారం మిగలదు. అందుకని డీజిల్‌ని మూడు చోట్ల పట్టుకోవాలి: గాజు సీసాలో, డెన్సిటీ (లీటరు బరువు ఎన్ని గ్రాములో చెప్పే అంకె) లెక్కలో, ఫిల్టర్ అడుగున.

మంచి డీజిల్ లెక్కలు

మన దేశంలో డీజిల్‌కు ప్రమాణం ఐఎస్ 1460. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్మేది బీఎస్-6 (భారత్ స్టేజ్ అనే కాలుష్య ప్రమాణం) డీజిల్. దాంట్లో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకుముందు బీఎస్-4లో 50 దాకా ఉండొచ్చు. గంధకం తీసేసిన డీజిల్ బాగా తేలిక రంగులో, కొన్నిసార్లు దాదాపు నీళ్లలా ఉంటుంది. పాత పసుపు రంగుకు అలవాటు పడినవాళ్లు దాన్ని చూసి ‘ఏదో కలిపారు’ అంటారు. రంగును బట్టి తీర్పు చెప్పే రోజులు పోయాయి.

వాడేవాళ్లకు అక్కరకొచ్చే అంకెలు కొన్నే. సీటేన్ సంఖ్య కనీసం 51 ఉండాలి. సిలిండర్లోకి చిమ్మిన డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే అంకె ఇది. తగ్గితే అంటుకోవడం ఆలస్యమవుతుంది, ఈలోపు పోగుపడిన డీజిల్ అంతా ఒక్కసారిగా మండుతుంది. పొద్దున్నే ఇంజన్ టకటకా కొట్టుకోవడం, తెల్ల పొగ, స్టార్టింగ్ మొండికేయడం దాని గుర్తులు.

40 డిగ్రీల దగ్గర చిక్కదనం 2.0 నుంచి 4.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. పల్చబడితే పంపులో డీజిల్‌ని నెట్టే కడ్డీ (ప్లంజర్) పక్కల నుంచి జారిపోతుంది, ఇంజన్‌కు అందాల్సినంత అందదు. అరిగిన పాత పంపుల్లో ఇది మరీ ఎక్కువ. ఇంజన్ వేడెక్కాక స్టార్ట్ కాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

జారుడుతనానికి కూడా హద్దు ఉంది. పరీక్షలో ఉక్కు గుండు మీద పడే అరుగుడు మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. పాత తరహా రోటరీ పంపుకైనా, నాజిళ్లన్నిటికీ ఒకే అధిక ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ అందించే కొత్త తరహా కామన్ రైల్ పంపుకైనా ఇంజన్ ఆయిల్ అందదు, లోపలి భాగాలకు డీజిలే నూనె. ప్లంజర్‌కూ అది ఆడే గొట్టం బారెల్‌కూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. మన తల వెంట్రుక మందం యాభై పైమాటే. అంత ఇరుకులో ఆడే ఇనుముకు కిరోసిన్ లాంటి పొడి ద్రవం పోస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇక నీరు, మలినాలు. కిలో డీజిల్‌లో నీరు 200 మిల్లీగ్రాములు, మొత్తం మలినాలు 24 మిల్లీగ్రాములు దాటకూడదు. వినడానికి చిన్న అంకెలే. కానీ 100 లీటర్ల డీజిల్ 83 కిలోలు. ప్రమాణం లోపలే ఉన్నా దాంతోపాటు 16 మిల్లీలీటర్ల నీరు, 2 గ్రాముల మట్టి మీ ట్యాంకులోకి రావచ్చన్నమాట. రోజుకు 40 లీటర్లు తాగే హార్వెస్టర్ కోతల సీజన్లో ఎంత పోగేసుకుంటుందో లెక్కేసుకోండి. బంకు తప్పేమీ లేకపోయినా ఫిల్టర్ అడుగున నీళ్లు కనబడేది ఇందుకే.

బంకు దగ్గర

ముందు ఒక అపోహ. వడపోత కాగితం మీద చుక్క వేసి మరక మిగిలిందా లేదా చూసే పరీక్ష పెట్రోలుకే. డీజిల్ ఎంత మంచిదైనా కాగితం మీద మరక వదులుతుంది. దాన్ని చూపించి గొడవ పెట్టుకుంటే నవ్వులపాలవుతాం.

డీజిల్‌కు పనికొచ్చేది డెన్సిటీ. బంకువాళ్లు రోజూ పొద్దున కొలిచి రిజిస్టర్లో రాస్తారు, ఆ అంకె కొనేవాళ్లకు కనబడేలా పెడతారు. అది 15 డిగ్రీల ఉష్ణోగ్రతకు సరిచేసిన అంకె. మీ ఎదుట కొలవమని అడిగే హక్కు మీకుంది. ఎలా కొలుస్తారో తెలిస్తే పక్కన నిలబడి చూడొచ్చు.

1. ముందుగా బంకు పైపు నాజిల్ నుంచి ఓ లీటరు వేరే పాత్రలోకి పట్టించాలి. పైపులో నిలిచి ఉన్నది పోయి ట్యాంకులోది వస్తుంది.

2. అర లీటరు గాజు జాడీని అదే డీజిల్‌తో ఒకసారి కడిగి, నురగ రాకుండా గోడ వెంబడి నింపాలి. జాడీ సమతలంగా, గాలి తగలని చోట ఉండాలి.

3. 800–850 హైడ్రోమీటరును (ద్రవంలో తేలి డెన్సిటీ చూపే గాజు గొట్టం) మెల్లగా దించి, చిన్నగా తిప్పి వదలాలి. గోడకు ఆనకుండా నిలిచాక కంటిని ద్రవం మట్టానికి తెచ్చి చదవాలి. పైనుంచి చూసి చదివితే అంకె తప్పుతుంది.

4. థర్మామీటరు జాడీలోనే ఉండగా ఉష్ణోగ్రత చూడాలి.

5. బంకులో ఉండే పట్టికతో 15 డిగ్రీలకు మార్చాలి. పట్టిక లేకుంటే 15 పైన ఉన్న ఒక్కో డిగ్రీకి సుమారు 0.7 కలిపితే అసలు అంకెకు దగ్గరికి వస్తుంది.

మండుటెండలో 36 డిగ్రీల దగ్గర హైడ్రోమీటరు 818 చూపించిందనుకోండి. 21 డిగ్రీల తేడాకు 14.7 కలిపితే దాదాపు 832.7. బంకు రాసింది 832.0 అయితే బాగానే ఉంది. రాసిన అంకెకూ కొలిచినదానికీ తేడా 3 దాటకూడదు, అటైనా ఇటైనా.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 832 డెన్సిటీ ఉన్న డీజిల్‌లో 795 ఉన్న కిరోసిన్ ఐదో వంతు కలిపితే వచ్చే అంకె 824.6. డీజిల్ డెన్సిటీ మామూలుగా తిరిగే 820–845 మధ్యనే అది ఉంది! ‘820 దాటిందిగా, సరిపోయింది’ అనుకుంటే కల్తీ చేతికి చిక్కదు. ఆ రోజు రాసిన 832తో పోలిస్తేనే ఏడు పాయింట్ల పైన తేడా దొరుకుతుంది. పెట్రోలు కలిసినా ఇంతే, పదో వంతుకే సుమారు తొమ్మిది పాయింట్లు పడిపోతుంది.

డెన్సిటీ సరిపోయినంత మాత్రాన డీజిల్ శుద్ధమని కాదు. తేలికైన కిరోసిన్‌తోపాటు బరువైన ఏదో నూనె కలిపి అంకెను సర్దేయొచ్చు. అలాంటిది ల్యాబులో సీటేన్, స్వేదనం, గంధకం పరీక్షలకే దొరుకుతుంది. రోడ్డు పక్క డ్రమ్ముల్లో ‘బయోడీజిల్’ పేరిట పది ఇరవై రూపాయలు తక్కువకు అమ్మేదాంట్లో ఇలాంటి సర్దుబాటుకే ఎక్కువ అవకాశం. బీఎస్-6 బండ్లలో అది పోస్తే మిగిలిన ఇరవై రూపాయలు సైలెన్సర్ రిపేరులో ఎన్నో రెట్లు పోతాయి.

కొలత మీద అనుమానం ఉంటే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల పాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి. అందులోకి 5 లీటర్లు పట్టించి మెడ మీద గీత చూడండి. 25 మిల్లీలీటర్ల తేడా వరకు అనుమతి. అంతకంటే తగ్గితే నిలదీయొచ్చు. మైలేజీ పడిపోయిందని వచ్చే ఫిర్యాదుకు డెన్సిటీ కంటే ఈ పాత్రే ముందు జవాబు చెబుతుంది.

ఇంకొకటి. ట్యాంకరు వచ్చి బంకులో దించుతుంటే ఆ గంటలో పోయించుకోకండి. భూగర్భ ట్యాంకు అడుగున పేరుకున్న నీరు, తుప్పు అప్పుడే పైకి లేస్తాయి.

సీసా పరీక్ష

డీజిల్ మీద అనుమానం వచ్చిన ప్రతిసారీ ఇంటి దగ్గర చేసుకోగలిగినది ఇదే. శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరబెట్టిన రంగులేని లీటరు గాజు సీసా కావాలి. తడి సీసాలో పడితే మీ నీళ్లే మీకు కనబడతాయి. నమూనాను ట్యాంకు పైనుంచి తీస్తే లాభం లేదు, అడుగు బిరడా విప్పి పట్టాలి. నీరూ మట్టీ ఉండేది అక్కడే.

ముప్పావు వంతు నింపి, సీసాను సుడి తిరిగేలా గుండ్రంగా ఆడించి, వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. సుడి మొనలో చుక్కలు, నలకలు గుమిగూడితే తెలిసిపోతుంది. సీసా వెనక దినపత్రిక పెట్టి చదవండి. చిన్న అక్షరాలు కూడా తేటగా కనబడితే సరే. మబ్బు పట్టినట్టు ఉంటే నీరు కలిసిపోయి ఉంది, లేదా గాలి బుడగలు. బుడగలైతే పది నిమిషాల్లో తేలిపోతాయి, నీటి మబ్బు తేలదు.

తర్వాత సీసాను కదపకుండా ఓ రోజంతా ఉంచండి. అడుగున వేరే పొర ఏర్పడి, సీసా వంచినప్పుడు అది పాదరసంలా జారితే నీరే. ఇంకా అనుమానముంటే జిలేబీల్లో వేసే రంగు పొడి చిటికెడు వేయండి. అది డీజిల్‌లో కరగదు, పొడిగానే కిందికి దిగుతుంది. అడుగున నీటి బొట్టు ఒక్కటున్నా సరే, దాన్ని తాకగానే ఎర్రగా విచ్చుకుంటుంది. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష ముందు బోలెడు వాదనలు ఆగిపోతాయి.

నీటికీ డీజిల్‌కీ మధ్య పొర దగ్గర నల్లగా, జిగటగా, మీగడలా ఏదైనా తేలుతుంటే అది సూక్ష్మజీవుల పని. నీరున్న చోట డీజిల్‌ని తిని బతికే బూజు అది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వానాకాలమంతా షెడ్డులో నిలిపిన కోత మిషన్లలో, ఆక్వా చెరువుల దగ్గర అరుదుగా తిరిగే జనరేటర్లలో దీనికి మంచి చోటు. నీళ్లు తీసేయకుండా మందు ఒక్కటే పోస్తే చచ్చిన బూజంతా ఊడి ఒకేసారి ఫిల్టర్లోకి వస్తుంది. కనుక ముందు అడుగు నీళ్లు, మడ్డి తీయాలి, వీలైతే ట్యాంకు దించి కడగాలి. ఆ తర్వాతే డబ్బా మీద రాసిన మోతాదులో బూజును చంపే మందు (బయోసైడ్) వేసుకుని, రెండు మూడు జతల ఫిల్టర్లు సిద్ధంగా పెట్టుకోవాలి.

తప్పు డీజిల్‌దా, ఇంజన్‌దా?

పోయించిన పది, ఇరవై కిలోమీటర్లలోపే లక్షణం మొదలైతే డీజిల్‌ని అనుమానించాలి. నెల రోజులుగా మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చిందంటే ఇంజన్‌ని చూడాలి. ఇక పొగ భాష. నల్ల పొగంటే గాలికి మించి డీజిల్ పడుతోంది: ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపు, కారే నాజిల్. కిరోసిన్ కలిస్తే నల్ల పొగ పెరగదు, ఇంకాస్త తగ్గుతుంది కూడా. పాత పంపు డీజిల్‌ని లీటర్లలోనే కొలుస్తుంది తప్ప బరువు చూడదు. తేలిక ద్రవం వెళితే బరువు తగ్గి పొగా తగ్గుతుంది, లాగుడూ తగ్గుతుంది. పొగ పరీక్ష ముందు ట్యాంకులో కిరోసిన్ పోయమనే సలహా పుట్టింది ఇక్కడే, పంపు పాడైంది కూడా ఇక్కడే. తెల్ల పొగ చల్లని ఇంజన్‌లో కాసేపు వస్తే మామూలే. వేడెక్కాకా ఆగకపోతే డీజిల్‌లో నీరు, తక్కువ సీటేన్, పంపు టైమింగ్ చూడాలి. రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్. నీలి పొగ ఇంజన్ ఆయిల్‌ది, డీజిల్‌కు సంబంధం లేదు.

అరగంట బాగా నడిచి, మెల్లగా బలం తగ్గి ఆగిపోయి, కాసేపాగితే మళ్లీ స్టార్టయ్యే ట్రాక్టర్ ఉంటుంది. దానికి పంపు విప్పే ముందు ట్యాంకు మూత తిప్పి చూడండి. ఉస్సుమని గాలి లోపలికి పీలిస్తే మూతలోని గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయింది. పిన్నీసు, గుడ్డముక్క చాలు. దమ్ము చేసిన వారంలో ఈ జబ్బు ఎక్కువ.

పాత తరహా పంపు ఉన్న ట్రాక్టర్లకు, జనరేటర్లకు తిరుగులేని పరీక్ష ఒకటుంది. 5 లీటర్ల శుభ్రమైన క్యానులో మంచిదని నమ్మకమున్న డీజిల్ పోయండి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు (ట్యాంకులోంచి డీజిల్ లాగే చిన్న పంపు) వచ్చే పైపు విప్పి, ఒక పైపుముక్కతో క్యానుకు కలపండి. వెనక్కి వచ్చే రిటర్న్ పైపును కూడా క్యానులోకే మళ్లించండి, లేకుంటే క్యాను ఖాళీ అయి ట్యాంకు నిండుతుంది. గాలి తీసి, ఇరవై నిమిషాలు లోడు మీద నడపండి. జబ్బు పోతే తప్పు ట్యాంకుదీ డీజిల్‌దీ. పోకపోతే ఫిల్టర్, పంపు, నాజిల్ వైపు వెళ్లండి. పైపుముక్క పారదర్శకమైనదైతే ఇంకా మంచిది, ఎక్కడో గాలి లాగుతుంటే బుడగల వరుస కంటికే కనబడుతుంది. కామన్ రైల్ బండ్లకు మాత్రం ఈ ప్రయోగం వద్దు.

ఫిల్టర్: నీళ్లు తీయడం, మార్చడం, గాలి తీయడం

నీళ్లు తీసే పనిని పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయకముందే చెయ్యాలి. రాత్రంతా నిలిచిన నీరు గిన్నెలో అడుగున ఉంటుంది. ఒకసారి నడిపితే మళ్లీ కలిసిపోతుంది. కింద చిన్న సీసా పెట్టి, గిన్నె అడుగు బిరడాను రెండు చుట్లు వదిలి, తేట డీజిల్ వచ్చేదాకా పట్టి బిగించండి. వానాకాలంలో వారానికోసారి, మిగతా రోజుల్లో రెండు వారాలకోసారి. డాష్‌బోర్డు మీద నీటి లైటు వెలిగితే అప్పటికప్పుడే. ఆ లైటు వెలుగుతున్నా ‘ఊరెళ్లాక చూద్దాం’ అనేవాళ్ల డబ్బే ఇంజెక్టర్ షాపులకు ఆధారం. కామన్ రైల్‌లో ఒత్తిడి 1,600 బార్ నుంచి 2,000 బార్ దాకా ఉంటుంది. వేడి నాజిల్ మొనకు చేరిన నీటి బొట్టు ఆవిరై మొననే పగలగొట్టవచ్చు.

ఫిల్టర్లు ఎన్ని గంటలకు మార్చాలో బండి పుస్తకం చెబుతుంది. చాలా ట్రాక్టర్లకు 250 నుంచి 500 గంటల మధ్య. రెండు ఫిల్టర్లున్న ఇన్‌లైన్ లేదా రోటరీ పంపు ట్రాక్టర్‌కు క్రమం ఇది:

1. ట్యాంకు సగం పైన నిండి ఉండాలి. ట్యాపు కట్టి, ఫిల్టర్ తల, చుట్టుపక్కల పైపులు డీజిల్‌లో ముంచిన బ్రష్‌తో కడగాలి. విప్పాక పడే మట్టి నేరుగా పంపులోకే పోతుంది.

2. పాత ఫిల్టర్ దించి, తలకు అతుక్కున్న పాత రబ్బరు రింగు ఊడివచ్చిందా చూడాలి. రెండు రింగులు పడితే గాలి లాగుతుంది.

3. కొత్త రింగుకు డీజిల్ రాసి బిగించాలి. రెండో ఫిల్టర్లో క్యానులోంచి డీజిల్ పోసి నింపొద్దు. పోసిన ఆ డీజిల్ వడపోత దాటి లోపలికే చేరుతుంది. చేతి పంపుతోనే నింపాలి.

4. ట్యాపు తెరిచి, మొదటి ఫిల్టర్ మీది గాలి స్క్రూ ఒకటిన్నర చుట్టు వదిలి, చేతి పంపు కొట్టాలి. నురగ పోయి నిండుధార రాగానే బిగించాలి. తర్వాత రెండో ఫిల్టర్, ఆ తర్వాత పంపు మీది స్క్రూ. ఈ వరుస తప్పితే గాలి ముందుకే నెట్టుకుపోతుంది.

5. అయినా స్టార్ట్ కాకపోతే యాక్సిలరేటర్ పూర్తిగా పెట్టి, రెండు నాజిళ్ల పైపు నట్లు అర చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టాలి. ఒక్కోసారి పది సెకన్లు, మధ్యలో నిమిషం విరామం. డీజిల్ చిమ్మగానే నట్లు బిగించాలి.

ఐదో పని కామన్ రైల్ ఇంజన్‌కు ఎప్పుడూ చేయకూడదు. ఆ పైపుల్లోంచి చిమ్మే సన్నని ధార చర్మంలోంచి కండలోకి దూసుకుపోతుంది. గాయం సూదిమొనంతే కనబడుతుంది, కానీ ఆలస్యమైతే చెయ్యి తీసేయాల్సి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

తీసిన పాత ఫిల్టర్‌ని పారేసే ముందు కోసి చూడండి. కాగితం మడతల మధ్య ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు తుప్పు. నల్లటి జిగురైతే బూజు, లేదా నిలవబడి చెడిన డీజిల్. గోధుమ రంగు మట్టి క్యాను, గరాటు పుణ్యం. పంపు దగ్గర తీసిన డీజిల్‌ని ఎండలో పెడితే అభ్రకంలా తళుకులు కనబడ్డాయా, పంపు లోపలి ఇనుమే రాలుతోంది. ఇంజన్ ఆపేసి పంపు షాపుకు చూపించాలి. ఇంకా నడిపితే ఆ పొడి నాజిళ్లన్నిట్లోకి పోయి ఖర్చు నాలుగింతలవుతుంది.

తప్పు ద్రవం పడితే

పెట్రోలు పోసేశారు, లేదా నీళ్లు కలిసిన డీజిల్ పడింది. తాళం చెవి తిప్పకండి. చాలా బండ్లలో చెవి ఆన్ చేయగానే ట్యాంకులోని మోటారు తిరిగి ఆ ద్రవాన్ని పంపుదాకా తోసేస్తుంది. బండిని నెట్టి పక్కన పెట్టి, ట్యాంకు పూర్తిగా దించి, రెండు మూడు లీటర్ల మంచి డీజిల్‌తో అడుగు కడిగి, ఫిల్టర్లు మార్చి, గాలి తీశాకే స్టార్ట్ చేయాలి. పెట్రోలు కలిసిన డీజిల్‌కు చిన్న నిప్పురవ్వ చాలు, దించే చోట బీడీ కూడా ఉండకూడదు.

నీళ్లు పంపుదాకా వెళ్లిపోయి ఇంజన్ ఆగిపోతే ‘రేపు చూద్దాం’ అనకండి. అంత నున్నటి ఇనుముకు ఒక్క రాత్రిలో తుప్పు మచ్చ పడుతుంది. ఆ రోజే మంచి డీజిల్ పంపుగుండా పారించాలి.

బీఎస్-6 లారీల్లో ఇంకో ముప్పు డీఈఎఫ్. పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే, 32.5 శాతం యూరియా కలిపిన నీరు అది, ఆ ట్యాంకు మూత నీలం రంగులో ఉంటుంది. డీజిల్ కంటే బరువు కాబట్టి ట్యాంకు అడుగుకు దిగి, పైపు పీల్చే చోటే కూర్చుంటుంది. తడి ఆరితే ఉప్పులా గడ్డకట్టి పంపును పట్టేస్తుంది. తేలికగా తీసుకోకుండా ట్యాంకు, పైపులు అన్నీ కడిగించాలి. డీఈఎఫ్ ట్యాంకులో డీజిల్ పడినా అంతే, కొద్దిపాటిదైనా దాని రబ్బర్లను, తర్వాత సైలెన్సర్లో పొగను శుభ్రం చేసే ఉత్ప్రేరకాన్ని పాడు చేస్తుంది.

అదే బండ్లలో డీజిల్‌లో పాత ఇంజన్ ఆయిల్, టూటీ ఆయిల్ కలిపే అలవాటు మానుకోవాలి. ఆయిల్ మండాక మిగిలే బూడిదను మసి ఫిల్టర్ కాల్చుకోలేదు. మసిని కాల్చుకుంటుంది కానీ బూడిద అందులోనే ఉండిపోతుంది.

క్యాను, డ్రమ్ము

పొలం దగ్గర డీజిల్ చెడేది ఎక్కువగా ఇక్కడే. నిలబెట్టిన డ్రమ్ము మీద వాన నీళ్లు అంచు లోపల నిలుస్తాయి. పగలు వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి బిరడా సందులోంచి ఆ నీటినే పీల్చుకుంటుంది. బిరడా గట్టిగా ఉన్నా పీలుస్తుంది. డ్రమ్మును పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో మూడు, తొమ్మిది ఉండే చోట వచ్చేలా, వెనక్కి కొంచెం వాలుగా పెట్టండి. నీరూ మడ్డీ వెనక చేరతాయి, ముందు నుంచి తేటది వస్తుంది. పైన నీడ ఉండాలి. నింపిన డ్రమ్మును ఒక రోజు కదపకుండా ఉంచాకే వాడాలి, అడుగున నాలుగు వేళ్ల మందం వదిలేయాలి.

జింకు పూత ఉన్న డ్రమ్ములు, రాగి పైపులు డీజిల్‌కు పనికిరావు. ఆ లోహాలు డీజిల్‌తో కలిసి జిగురు పుట్టిస్తాయి. మామూలు ఇనుము, మందపాటి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) క్యాను మంచివి. తాగునీటి సీసాలు వద్దు. ఆరు నెలలకు మించి నిలవ పెట్టకపోవడం మేలు.

ట్యాంకును సాయంత్రం పని ముగియగానే నింపండి. ఖాళీ జాగా ఎంత ఉంటే అంత గాలి, అంత చెమ్మ. కానీ మెడ దాకా కాదు. 50 లీటర్ల డీజిల్ పది డిగ్రీలు వేడెక్కితే అర లీటరుకు కొంచెం తక్కువగా పెరుగుతుంది. రెండు మూడు లీటర్ల జాగా వదలాలి. గరాటులో లుంగీ గుడ్డ వేసి వడకట్టడం వల్ల పైకి కనబడే మట్టి ఆగుతుంది కానీ గుడ్డ నూలుపోగులు లోపలికి పోతాయి. సన్నటి స్టీలు జల్లెడ ఉన్న గరాటు కొనుక్కోవడమే నయం.

బంకు మీద ఫిర్యాదు చేయాలంటే

ముందు ఆధారం. బిల్లు, తేదీ, సమయం, ఏ యంత్రం, ఏ నాజిల్, ఆ రోజు రాసి ఉన్న డెన్సిటీ ఫోటో. బండి ట్యాంకులోంచి తీసిన డీజిల్ బంకు డీజిలేనని నిరూపించడం కష్టం, మీ ట్యాంకులో ముందే నీరు ఉందంటారు. అందుకే బంకులోనే, మేనేజరు ఎదుట, అదే నాజిల్ నుంచి డెన్సిటీ కొలిపించండి, భూగర్భ ట్యాంకులో నీళ్లు చూసే పేస్టు పూసి కొలకర్ర దించమని అడగండి. నీరు తగిలిన మేర పేస్టు రంగు మారుతుంది. ఫలితాన్ని ఫిర్యాదు పుస్తకంలో రాయించి, కంపెనీ సేల్స్ అధికారికి చెప్పండి. ఆ నంబరు బంకు బోర్డు మీద ఉంటుంది. కొలత తగ్గితే తూనికలు కొలతల శాఖకు, ఎక్కడా పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు. అదే రోజు అక్కడ పోయించుకున్న మరో రెండు బండ్ల యజమానులను వెంటబెట్టుకుని వెళ్తే పుస్తకం త్వరగా బయటికొస్తుంది.